యంత్రములు – గృహిణి: కారు కుదుపు చెప్పు మాట

ఇదివఱలో ఈ శీర్షికక్రింద కుట్టుమిషనును గూర్చియు, నీళ్ళ పంపును గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మోటారు కారు చక్రముల ప్రక్కను దాగియుండు నొక గొట్టమును గూర్చి చెప్పదలచితిని. దానిని షాక్ అబ్సార్బరు అందురు. మేస్త్రీల నోట నది షాకబ్జరు. ఈ గొట్టము పాడైన సంగతిని మొట్టమొదట నెఱుగునది కారు నడుపువారు గారు. వెనుక సీటున గూర్చున్నవారు. మన యిండ్లలో నా సీటు తఱచుగా నెవరికి దక్కునో నేను చెప్ప నక్కఱలేదు గదా! కావున నీ విషయము మన పత్రికకు దగినదే యని నా నమ్మకము.

మాది సారపాక. గోదావరి కీవల మేము, ఆవల భద్రాచలము. 1965లో నదిపై వంతెన తెఱచినది మొదలు ఈ రెండు దరులకును రాకపోకలు సుకరమైనవి. అయినను రైలుబండి భద్రాచలమునకు లేదు. భద్రాచలం రోడ్ అను పేరు గల స్టేషను కొత్తగూడెములో, భద్రాచలమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. పెండ్లికి బోవలెనన్నను, పెద్ద వైద్యునొద్దకు బోవలెనన్నను, రైలెక్కవలెనన్నను మాకు రోడ్డే గతి. ఆ రోడ్డు అడవి చెట్ల నడుమ మలుపులు తిరుగుచు బోవును. కట్టెల లారీలు దానిపై రేయింబవళ్ళు నడచుచుండును. వానకాలము సంగతి వేఱుగ చెప్పవలెనా? 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటి పాఱినది. అట్టి వానలు వెలిసిన పిమ్మట రోడ్డుమీద గుంటలు మిగులును. గుంటలకు మా కారు, కారునకు మేము సమాధానము చెప్పుకొనవలసి వచ్చును.

మా కారు నేటిది గాదు. మా మామగారు ముచ్చటపడి కొన్న రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీవారు 1959లో వెలువరించిన హెరాల్డ్ కారునే మదరాసులోని స్టాండర్డ్ కంపెనీవారు 1961 నుండి మన దేశమున తయారుచేసిరి. దాని రూపమును దీర్చినవాడు ఇటలీ దేశపు చిత్రకారుడు మికెలొట్టి. ఆ హెరాల్డ్ చట్రమునే కొంత పొట్టిచేసి, పైన రెండు సీట్ల తేలిక శరీరమును బిగించి, ఇంగ్లండువారు 1962లో స్పిట్‌ఫైర్ అను పందెపు తరహా కారును చేసిరి. కావున మా హెరాల్డు స్పోర్ట్సు కారు గాకపోయినను దానికి స్వయముగా నప్పగారు. మా వారికి గల గర్వమంతయు నీ చుట్టఱికమునుబట్టియే.

ఇట్లుండగా నా యత్తగారు శనివారపు దర్శనమునకు మాతో వచ్చుట క్రమక్రమముగా మానుకొనిరి. “అమ్మాయీ! మీరు వెళ్ళి రండి. నేను ఇంట్లోనే రామనామం చెప్పుకుంటాను” అనెడివారు. వయసు మీఱినది గదా యని మేమనుకొంటిమి. నడుమునకు నూనె కాచి యిచ్చుటయేకాని, ఆ నడుమునొప్పి కారెక్కిన దినముననే యేల యధికమగుచున్నదని మాలో నొక్కరమును విచారింపలేదు. నాకును సీటు పట్టుకొని కూర్చుండుట యలవాటైపోయినది. పిల్లవాడు కొత్తగూడెము చేరులోపల నొకసారి వాంతి చేసికొనుటయు నలవాటైపోయినది.

ఒకనాటి సాయంకాలము, సన్నని వాన కురియుచుండగా, మలుపునొద్ద ముందు బోవు లారీ హఠాత్తుగా నాగినది. మావారు బ్రేకు నొక్కిరి. కారు ముక్కు నేలకు వంగినది. వెనుకభాగము పైకి లేచి ప్రక్కకు జరిగినది. చక్రములు రోడ్డును బట్టుకొనక గంతులు వేయుట నా వీపునకు దెలిసినది. లారీకిని మాకును మూరెడు జాగా మిగిలినప్పుడు కారు నిలిచినది. ఒడిలోని పిల్లవానిని గట్టిగా నదుముకొన్న నా చేతులు ఇల్లు చేరువఱకును సడలలేదు.

మఱునాడు మావారు బ్రేకులను పరీక్ష చేయించిరి. మేస్త్రీ బ్రేకులన్నియు విప్పి చూచి, వానిలో లోపము లేదనెను. పిమ్మట నతడు కారు ముందుమూలను రెండు చేతులతో గట్టిగా నొక్కి విడిచెను. కారు లేచినది, వంగినది, మఱల లేచినది, మఱల వంగినది. “అమ్మా! బ్రేకుల తప్పు కాదు. షాకబ్జర్లు పోయి ఎన్నాళ్ళయిందో! బండి ఇన్నాళ్ళూ ఉయ్యాల ఊగుతోంది” అని యతడు చెప్పినప్పుడు మావారు నా ముఖము చూచిరి. నేను లోపల నున్న యత్తగారి గది వైపు చూచితిని.

ఇక నా గొట్టము చేయు పనియేమో తెలిసికొందము.

కారు బరువును మోయునవి స్ప్రింగులు. ఎడ్లబండికి స్ప్రింగు లేదు. గుంటలో చక్రము పడిన దెబ్బ తిన్నగా మన యెముకలకు దగులును. జట్కాబండికి కమానులు గలవు. అవి వంగి దెబ్బను మ్రింగును. కాని మ్రింగిన దానిని తిరిగి యిచ్చివేయుట స్ప్రింగు గుణము. ఊయెలను ఒక్కసారి త్రోసి విడిచినచో వెంటనే నిలువదు గదా. తల్లి చేయి యడ్డము పెట్టువఱకును ఊగుచునే యుండును. స్ప్రింగు ఊయెల, షాక్ అబ్సార్బరు తల్లి చేయి. కమాను కట్టలో రేకులు ఒకదానినొకటి రాచుకొనుటచే నూపు కొంతవఱకు దానంతట నదియే యణగును. చుట్ట స్ప్రింగున కా రాపిడి లేదు. కావున చుట్ట స్ప్రింగు గల కారునకు ఈ గొట్టము మఱింత యవసరము.

వసంతోత్సవమున పిల్లలు రంగునీళ్ళు చల్లు చిమ్మనగ్రోవిని మీరెఱుగుదురు. మెల్లగా నొక్కిన మెల్లగా కదలును. ఎంత వేగముగా నొక్కుదుమో యంత గట్టిగా నది చేతికెదురు నిలుచును. నీరు సన్నని రంధ్రమునుండియే పోవలయును గదా! షాక్ అబ్సార్బరు లోపల నీటికి మాఱుగా నూనె యుండును. అందు కదలు పిస్టనునకు సన్నని రంధ్రములును, చిన్న కవాటములును ఉండును. చక్రము పైకి లేచునప్పుడును, క్రిందికి దిగునప్పుడును నూనె ఆ యిఱుకు దారులనుండి పోవలసివచ్చుటచే ఊపు చచ్చిపోవును. ఆ ఊపు వేడిగా మాఱి గొట్టపు గోడనుండి గాలిలో గలసిపోవును. అందుచేతనే గుంటల దారిని కొంతదూరము ప్రయాణము చేసి దిగిన పిమ్మట మంచి షాక్ అబ్సార్బరు వెచ్చగా నుండును. నాలుగింటిలో నొకటి మాత్రము చల్లగా నున్నచో, అది పని చేయుట మానినదని యనుమానింపవచ్చును.

సంవత్సరములు గడచిన కొలది లోపలి కవాటములు అరుగును; పైని రబ్బరు ముద్ర సడలి నూనె కారును; చివరల నుండు రబ్బరు బుష్షులు పిగిలిపోవును. ఇది ఒక్కనాడు జరుగు పని గాదు. దినదినమును కట్టుకొను చీర రంగు వెలియుట మనకు దెలియదు. పెట్టె యడుగున మడతపెట్టిన రవికెగుడ్డను దాని ప్రక్కనుంచి చూచినప్పుడు గదా యెంత వెలిసినదో తెలియునది! కారు సంగతియు నంతే. నడుపువారి చేతులు దానికి దగినట్లు సర్దుకొనును. కూర్చుండువారి నడుములు సర్దుకొనును. సర్దుకొనలేని ముసలివారు ఇంటనే నిలిచిపోవుదురు.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయమని యనుకొనరాదు. మెత్తదనము రెండవది, మొదటిది పట్టు. ఇంత బరువు గల కారును రోడ్డుతో గలుపునవి నాలుగు టైర్లు. అవియు ఇంచుమించు ఒక్కొక్క అఱచేయి యంత మేరనే రోడ్డును దాకుచుండును. బ్రేకు చక్రమును బట్టుకొనును. కాని టైరును బట్టుకొనవలసినది రోడ్డు. టైరు గంతు వేయుచున్నప్పుడు, గాలిలో నున్న యా క్షణమున, ఎంత మంచి బ్రేకైనను నిరుపయోగమే. తడిరోడ్డున నీ లోపము మఱింత హెచ్చును.

మా హెరాల్డున కింకొక చిక్కు గలదు. దాని వెనుక చక్రములు రెండును నడిమి పెట్టెనుండి రెండు ఱెక్కలవలె వేఱువేఱుగ ఊగును. మలుపులో వేగముగా బోవుచు తటాలున బ్రేకు వేసినచో వెనుకభాగము పైకి లేచును. అప్పుడు చక్రముల యడుగులు లోనికి ముడుచుకొని పట్టు తప్పును. షాక్ అబ్సార్బర్లు బాగుగ నున్నచో నా లేచుట మెల్లగా జరుగును; నడుపువాని కొక క్షణము దొరకును. అవి పోయినచో నా క్షణమును పోయినదే. మదరాసు కంపెనీవారు 1972లో గజెల్ అను పేర దీనినే మార్చి తెచ్చినప్పుడు ఈ ఱెక్కల పద్ధతిని విడిచి, వెనుక ఒకే యిరుసును, కమాను కట్టలను బెట్టిరి.

ఇంత దెలిసిన పిమ్మటకూడ మాయింట పని వెంటనే మొదలుకాలేదు. “పాత కారు గదా, కొంత ఊగక మానునా?” అని మావారు. నేడు కొన్న షాక్ అబ్సార్బరు పాత కారున బిగించినంత మాత్రమున పాతది కాజాలదని నేను. ఒకరు స్ప్రింగు చుట్టల నడుమ రబ్బరు ముద్దలు దూర్చిన చాలునని సలహా యిచ్చిరి. ఆ ముద్దలు స్ప్రింగును బిఱుసు చేయును. కారును కొంచె మెత్తును. ఊపును మాత్రము చంపవు. మఱియొకరు పాతవానినే విప్పించి, క్రొత్త నూనె పోయించుట చౌక యనిరి. అరిగిన కవాటము అరిగినట్లే యుండగా, సడలిన ముద్ర సడలినట్లే యుండగా క్రొత్త నూనె యెన్నాళ్ళు నిలుచును? చిల్లికుండలో పాలు పోసిన చందమే.

వెల సంగతి కూడ తేలికైనది గాదు. మదరాసు కంపెనీ మూతపడి చాల కాలమైనది. అయినను హెరాల్డు, స్పిట్‌ఫైరులను ప్రేమించువారు ఇంగ్లండులో నేటికిని పెక్కుమంది యుండుటచే వాని విడిభాగములు అచట దొరకుచున్నవి. నాలుగింటికిని, ఓడకూలికిని, సుంకమునకును గలిపి రెండు మంచి పట్టుచీరల వెల యగునని లెక్క తేలినది. కారున్న పెక్కు యిండ్లలో వాడుక కారులకు దీనికంటె చాల తక్కువలోనే పని జరుగును. మాది అపురూపమైన పాతకారగుటచే నీ చిక్కు.

చివరకు మావారి మనసులోని మాట బయటపడినది. ఆ గొట్టములు మామగారు తమ చేతులతో దుడిచి, పదిలముగా జూచుకొన్నవట. కారులో నాయన చేతి సొత్తు ఏమి మిగులునని వారి బాధ. నేను మాటాడలేకపోతిని. వాకిటి యరుగుమీద గూర్చున్న యత్తగారే మాటాడిరి. “నాయనా! మీ నాన్నగారు ఆ బండి కొన్నది నన్ను గుడికి తీసుకుపోవడానికిరా. గొట్టాలు దాచిపెట్టడానికి కాదు. రెండేళ్ళయింది నేను ఆ బండెక్కి స్వామిని చూసి” అనిరి. రెండేండ్లు! శనివారములను లెక్కపెట్టుకొన్నవారు వారొక్కరే. మావారు తల వంచుకొని లోపలికి బోయిరి. ఆ సాయంకాలమే నాలుగింటికిని ఉత్తరువు వెళ్ళినది.

పని జరుగునపుడు నేను ప్రక్కనే నిలుచుండి చూచితిని. అందు గృహిణి యెఱిగి యుండదగినవానిని వరుసగా చెప్పుచున్నాను.

ముందునాటి రాత్రియే మేస్త్రీ త్రుప్పుపట్టిన నట్టులపై వదులు చేయు నూనె వేసి యుంచెను. మఱునాడు కారును చదునైన నేలపై నిలిపి, చక్రములకు అడ్డులు పెట్టి, జాకీతో నెత్తి, పిమ్మట ఇనుప స్టాండులపై దింపెను. జాకీ ఎత్తుటకే కాని మోయుటకు గాదు. వట్టి జాకీపై నిలిపిన కారు క్రింద నెవరినిగాని దూఱనీయకుడు. ఇటుకలు పేర్చి యాపుట యంతకంటె ప్రమాదము.

హెరాల్డునకు వెనుకవైపు షాక్ అబ్సార్బరు, చక్రము మితిమీఱి క్రిందికి జాఱకుండ నాపుచు కూడ నుండును. కావున దానిని విప్పుటకు ముందు చక్రపు తట్టును మఱియొక జాకీతో నానించి పట్టవలయును. పైన నొకటి, క్రింద నొకటి బిగింపు. అవి విప్పిన నది చేతికి వచ్చును.

ముందువైపు పని యట్లు తేలిక గాదు. అచట స్ప్రింగు లోపలనే షాక్ అబ్సార్బరుండును. పైని మూడు నట్టులు, క్రింది బోల్టు విప్పిన రెండును గలసి యొకే ముక్కగా వచ్చును. అంతవఱకు భయము లేదు. ఆ ముక్క నడినెత్తిని ఒక నట్టు గలదు. దానిని మాత్రము తాకరాదు. నొక్కబడియున్న స్ప్రింగు నంతటిని బట్టి యుంచునది యా నట్టే. స్ప్రింగును సాధనముతో నదిమి పట్టక యా నట్టును విప్పినచో నది ఫిరంగి గుండువలె ఎగిరి మనుష్యుని ప్రాణము తీయగలదు. మా మేస్త్రీయొద్ద నా సాధనము లేదు. త్రాటితో గట్టి విప్పెదనని యతడనగా నేను ససేమిరా యంటిని. ఆ రెండు ముక్కలను గోనెసంచిలో జుట్టి, ఖమ్మములో తగిన సాధనము గల పనిశాలకు బంపి, అచటనే క్రొత్తవి యమర్చించితిమి. దీనికై రెండు దినములాలస్యమైనది. ఈ రెండు దినములను ఏ గృహిణియు విచారింపరాదు.

క్రొత్తవానిని బిగించుటకు ముందు మేస్త్రీ యొక్కొక్కదానిని నిలువుగా బట్టుకొని నాలుగైదు మారులు మెల్లగా నొక్కి, లాగెను. పెట్టెలో నడ్డముగా బడియుండుటచే లోపల జేరిన గాలి యిట్లు పైకి పోవును. బుష్షుల బోల్టులను చేతితో మాత్రము బిగించి, కారు చక్రములపై నిలిచి తన బరువు తాను మోయుచున్నప్పుడే గట్టిగా బిగించెను. కారు గాలిలో నుండగా బిగించినచో, క్రిందికి దింపగనే రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. కొంతదూరము నడిచిన పిమ్మట నట్టులన్నింటిని మఱల నొకసారి సరిచూడవలయును.

స్ప్రింగులను మార్చలేదు. ఏలన కారు నాలుగు మూలల నెత్తు సమముగా నున్నది. చుట్టలలో పగులు లేదు. కారు ఒకవైపు క్రుంగి నిలిచినచో నది సామాన్యముగా స్ప్రింగు దోషము. షాక్ అబ్సార్బరు బరువు మోయదు. దానిని మార్చినంత మాత్రమున క్రుంగిన కారు లేవదు. ఈ భేద మెఱిగినచో ననవసరపు ఖర్చు తప్పును.

మీ యిండ్లలో మా హెరాల్డువంటి కార్లుండవు. అయినను 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది మొదలు మన దేశమున నడచు చిన్న కార్లలో పెక్కింటికి ముందు చక్రములవద్ద స్ట్రట్టు అనునది గలదు. దీనిని ఊహించినవాడు మెక్‌ఫెర్సన్ అను అమెరికా ఇంజనీరు. ఇంగ్లండులోని ఫోర్డు కంపెనీవారు 1950లో తమ కాన్సల్, జెఫిర్ కార్లకు దీనిని బెట్టిరి. ఇందు షాక్ అబ్సార్బరు ఊపు నణచుటయేగాక చక్రమును నిలువున బట్టుకొను స్తంభము కూడ నగును. కావున స్ట్రట్టు మార్చినపుడు చక్రముల వంపు కొంచెము మాఱును. పిమ్మట చక్రముల పొందికను యంత్రముపై సరిచూపించుట తప్పనిసరి. లేనిచో క్రొత్త టైరు కొలదికాలములోనే ఒకవైపు అరిగిపోవును. స్ట్రట్టు నెత్తిని ఉండు రబ్బరు దిమ్మను, బేరింగును, దుమ్ము తొడుగును కూడ అప్పుడే పరీక్షింపుడు. అవి పాతబడినచో మార్చివేయుట మేలు. పిమ్మట వానికొఱకే మఱల నంతయు విప్పవలసిన కూలి మిగులును. స్ట్రట్టునకును స్ప్రింగు భయము ముందు చెప్పినట్లే.

ఒక్కటి పోయినను జంటగనే మార్చవలయును. ముందువి రెండును ఒకసారి, వెనుకవి రెండును ఒకసారి. ఒకవైపు బలము, ఒకవైపు బలహీనత యున్నచో కారు బ్రేకు వేసినప్పుడు ప్రక్కకు లాగును. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి పావుకోడు తొడిగిన నడక యెట్లుండును?

ఇక మనము కూర్చున్నచోటనుండియే కనిపెట్టదగిన గుర్తులు. బ్రేకు వేసినప్పుడు ముక్కు మితిమీఱి వంగుట. గుంట దాటిన పిమ్మట ఒక్కసారి లేచి నిలువక రెండు మూడు మారులు ఊగుట. వంతెనమీద ప్రక్కగాలికి తూలుట. మలుపులో నొకవైపు ఒరగుట. అడుగున టకటక మను చప్పుడు. నిలిచియున్న కారు చక్రము వెనుకకు వంగి చూచిన గొట్టముపై నూనె తడి, దానికంటిన దుమ్ము గనిపించును. టైరును అఱచేతితో నిమిరిన అచటచట పల్లములు చేతికి దగులును; గంతులు వేసిన చక్రము వ్రాసిన చేవ్రాలది. మూలను చేతితో నొక్కి చూచు పరీక్ష బాగుగా చెడినవానిని మాత్రమే పట్టియిచ్చును. అందు నెగ్గినంత మాత్రమున మిగిలిన గుర్తులను త్రోసివేయరాదు.

విప్పిన పాత గొట్టములను పిల్లల చేతికీయకుడు. కొన్నింటిలో గట్టిగా నదిమిన వాయువుండును. వానిని కాల్చుటగాని, తొలుచుటగాని కూడదు. మావారు తమ తండ్రిగారి గొట్టములలో నొకదానిని తుడిచి, అలమారలో మామగారి కండ్లజోడు ప్రక్కను బెట్టుకొనిరి. నేను వలదనలేదు. అది యచట నుండుటకు దగినదే; కారు క్రింద నుండుటకు మాత్రము కాదు.

మఱుసటి శనివారము అత్తగారు కారెక్కిరి. ఎప్పటివలెనే రెండు చేతులతో ముందుసీటు పట్టుకొని కూర్చుండిరి. మొదటి గుంట వచ్చినది. కారు దిగినది, లేచినది, నిలిచినది. రెండవ గుంటయు నట్లే. వంతెన మొదట జేరునప్పటికి ఒక చేయి సీటును విడిచినది. వంతెన నడుమ, గోదావరి కనిపించినప్పుడు, రెండవ చేయియు విడిచి నమస్కరించిరి. దారి పొడవున ఒక్కమాటయు ననలేదు. తిరిగి వచ్చి దిగునపుడు మాత్రము, “వచ్చే శనివారం కాస్త పెందలాడే బయలుదేరదాం, అమ్మాయీ” అనిరి.

సోదరీమణులారా! మీ యింటి పెద్దవారెవరైన కారెక్కుటకు వెనుదీయుచున్నారా? పిల్లలు ప్రయాణమనగనే ముఖము ముడుచుచున్నారా? వయసనియు, అలవాటనియు సరిపెట్టుకొనుటకు ముందొకసారి చక్రము వెనుకకు వంగి చూడుడు. మన నడుమునకు దెలిసిన సంగతిని నోరు విప్పి చెప్పుట మన విధి. కారు నడుపువారి చెవికి నది కొంచెము చేదుగ దోచినను, తడిరోడ్డున మలుపునొద్ద మిగులు నా మూరెడు జాగా మన మాటవలననే మిగులవచ్చును.